లోపలి వైపు

మంగళవారం మధ్యాహ్నం రుక్కి బొలెరో తెచ్చి టైర్ల దుకాణం ముందు నీడలో ఆపింది. అప్పుడు ఆగయ్య ట్రాక్టరు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. ఆమెది కొడకండ్ల దగ్గరి తండా. రెండేళ్ళుగా పంక్చరైనా, గాలి తగ్గినా ఈ దుకాణానికే వస్తుంది. జనగామలో ఆమెకు తెలిసిన టైర్ల దుకాణం ఇదొక్కటే, ఇందులో తెలిసిన మనిషి ఆగయ్య ఒక్కడే.

నాలుగు టైర్లూ మార్చాలని ఆమె చెప్పింది. ఆగయ్య ట్యూబును పక్కన పడేసి, చేతులు తుడుచుకుని బండి చుట్టూ తిరిగాడు. ప్రతి చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని అరచేతితో నిమిరాడు. ముందు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి. వెనక ఒకదానికి గాడి అన్నదే మిగల్లేదు, ఒకచోట తీగ కనబడుతోంది. వీటితో ఊళ్ళు దాటి పోవద్దని చెప్పాడు. అందుకే వచ్చానన్నది రుక్కి. శనివారం తెల్లవారుజామున తండా ఆడవాళ్ళు పదకొండు మందిని ఎక్కించుకుని మిర్చి ఏరడానికి టేకుమట్ల పోవాలి. రెండు మూడు వారాలు అక్కడే ఉంటారు. చేను దాకా చివరి మూడు కిలోమీటర్లు నల్లరేగడి బండ్ల బాట. నిరుడు మంచుకు తడిసిన బాటలో బండి దిగబడితే అందరూ దిగి తోశారట.

ఆగయ్య ఆమెను లోపలికి తీసుకుపోయి గోడకు ఆనించిన టైర్లు ఒక్కొక్కటీ చూపించాడు. సన్నటి గాడులు ఉన్నది తారు రోడ్డుకు మంచిది, చప్పుడు చేయదు, ఎక్కువ కాలం వస్తుంది, కానీ బురదలో జారుతుంది. పెద్ద పెద్ద దిమ్మెలు ఉన్నది బురదను పట్టుకుంటుంది, కానీ తారు మీద తొందరగా అరుగుతుంది, లోపల కూర్చున్నవాళ్ళకు ఒకటే హోరు. నడుమ గాడులు, అంచుల్లో దిమ్మెలు ఉన్న మూడో రకం ఒకటి ఉంది. ఆమె బండి రెండు రకాల బాటల్లోనూ తిరుగుతుంది కాబట్టి అదే సరైనది. అతను చెబుతుంటే రుక్కి గాడిలో గోరు పెట్టి లోతు చూస్తూ వింటోంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నా ఆగయ్యను నిలబెట్టి సలహా అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే సేటునే అడుగుతారు. ఆ పది నిమిషాలు అతనికి ఒళ్ళు తేలికగా ఉంది.

ఆ మూడో రకం ఉన్నాయా అని ఆమె అడిగింది. ఆగయ్య గల్లా వైపు చూశాడు. సేటు పరశురాములు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, పైన నాలుగు ఉన్నయి గదా అన్నాడు. అన్న తర్వాత తల ఎత్తి ఆగయ్యను చూశాడు. అంతే.

పైన, అటక మీద ఉన్న ఆ నాలుగింటినీ ఏటా దసరాకు దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ ఎక్కించేది ఆగయ్యే. వాటి పక్క భాగంలో అచ్చు వేసిన నాలుగంకెలు అతనికి నోటికి వచ్చు. ఒకటి ఎనిమిది, ఒకటి తొమ్మిది. పద్దెనిమిదో వారం, రెండువేల పందొమ్మిదో సంవత్సరం. ఇంకో రెండు నెలలైతే ఆరేళ్ళు నిండుతాయి. వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అతను నిచ్చెన ఎక్కాడు. నాలుగూ దించి, వెనక గదిలో నల్ల పాలిష్‌తో తుడిచి, మెరుస్తున్నవాటిని దొర్లించుకుంటూ తెచ్చాడు. రుక్కి ఒకదాని మీద బొటనవేలు పెట్టి నొక్కింది.

"గట్టిగున్నయి గదన్నా."

"కొత్త టైరు గట్టిగనె ఉంటది చెల్లె. ఒక్క కిలోమీటరు తిరగలె ఇవి."

రెండో మాట నిజం. ఆ నిజం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆగయ్యకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

"నాకేం తెలుసు. నువ్వు చూసి ఎక్కియ్యి" అని రుక్కి వెళ్ళి బల్ల మీద కూర్చుని, ఫోన్లో తమ భాషలో ఎవరితోనో మాట్లాడసాగింది.

అతను జాకీ పెట్టి చక్రాలు విప్పాడు. పాత టైర్లు ఊడదీసి, రిమ్ము అంచులు ఇనుప బ్రష్‌తో గీకి, సబ్బు నీళ్ళు రాశాడు. మొదటి టైరును మిషను మీద పెట్టినప్పుడు అంకెలున్న వైపు పైకి ఉంది. అలాగే బిగిస్తే అది బండికి బయటి వైపు వస్తుంది. ఆగయ్య చేయి ఆగింది. టైరును ఎత్తి, తిరగేసి పెట్టాడు. రెండోదీ, మూడోదీ, నాలుగోదీ అంతే. ఎవరూ చెప్పలేదు. నట్టు ఏ వైపు తిప్పాలో చేతులకు తెలిసినట్టే ఇదీ వాటంతట అవే చేశాయి. తర్వాత సీసం బిళ్ళలు కొట్టి బ్యాలెన్సింగు సరిచేశాడు. జనం బరువు ఉంటుందని వెనక కాస్త ఎక్కువ గాలి పట్టాడు. ఆ పనులన్నీ ఎప్పటికన్నా శ్రద్ధగా చేశాడు.

పోయేముందు రుక్కి బండిలోంచి ఒక సంచి తీసి అతని చేతిలో పెట్టింది. చేనులో కాసిన చిక్కుడుకాయలు. వదినకు ఇవ్వమన్నది.

ఆ సాయంత్రం భార్య సుశీల చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఇంత లేతవి ఎక్కడివని అడిగింది. అంగట్లో కొన్నానని చెప్పాడు ఆగయ్య. కూర బాగుందని రెండోసారి వడ్డించమన్నాడు కూడా.

గురువారం పదకొండు గంటలకు ట్రాన్స్‌పోర్టు వ్యాను వచ్చి కొత్త సరుకు దించింది. ఆగయ్య దొర్లించుకుంటూ లోపలికి చేరుస్తుంటే వాటిలో నాలుగు అదే సైజువి, అదే మూడో రకంవి కనబడ్డాయి. అచ్చులోంచి వచ్చినప్పటి సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా వాటి ఒంటి మీద ఉన్నాయి. వేలు పెడితే మెత్తగా లోపలికి పోయింది. అంకెలు చూశాడు. పోయిన నెలలో తయారైనవి.

అంటే సేటుకు ఇవి వస్తాయని ముందే తెలుసు. రెండు రోజులు ఆగమంటే రుక్కి ఆగేది. ఆమె పోవాల్సింది శనివారం.

ఆగయ్య గల్లా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పెద్ద గొంతు చేయకుండానే, ఆ బొలెరో ఆమెను పిలిపించి ఇవి ఎక్కిద్దామన్నాడు. అవి ఆరేళ్ళవని, పదకొండు మంది ఎక్కుతారని, నూటపాతిక కిలోమీటర్లు పోతారని చెప్పాడు. ట్రాక్టరు టైరు కోసం వచ్చిన ఇద్దరు రైతులు బల్ల మీద కూర్చుని ఉన్నారు. పరశురాములు వాళ్ళవైపు ఒకసారి చూసి, ఫోను బోర్లా పెట్టాడు. వాడని టైరుకు ఏమీ కాదన్నాడు. నీకు అంత నొప్పి ఉంటే మంగళవారమే చెప్పాల్సింది కదా అన్నాడు. తర్వాత, అందరికీ వినబడేట్టు కానీ కోపం లేకుండా అన్నాడు.

"ఎక్కించింది నువ్వు. నంబరు లోపలికి తిప్పింది నువ్వు. నేను తిప్పమన్ననా?"

ఆగయ్య తల దించుకున్నాడు. చేతిలో ఉన్న ఇనుప రాడ్డుకు మురికి ఏమీ లేకపోయినా గుడ్డతో తుడవసాగాడు. సేటు అబద్ధం చెప్పి ఉంటే తను ఏదో ఒకటి అనేవాడు. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. బల్ల మీది రైతులు ఇద్దరూ వేరే వైపు చూశారు. రోడ్డు మీద ఎవరో హారన్ కొట్టారు. కాసేపటికి పరశురాములు మళ్ళీ ఫోను తీసుకున్నాడు. ఆగయ్య వెళ్ళి కొత్త టైర్లను గోడకు ఆనించి సర్దాడు.

శుక్రవారం భోజనం వేళ కంప్రెషరు వెనక్కి పోయి రుక్కికి ఫోన్ చేశాడు.

"ఆ అన్నా, చెప్పు" అన్నది ఆమె.

గాలి సరిగ్గా ఉందా అని అడిగాడు. ఉన్నదన్నది. రేపు పోతున్నారా అని అడిగాడు. పోతున్నామన్నది. టేకుమట్ల దాటి, వాగు అవతల, ఎర్ర తాడిపత్రి పట్టాలు పరిచిన కల్లం దగ్గర అని కూడా చెప్పింది.

"ఇంకేమన్న చెప్పేదున్నదా అన్నా?"

"ఏం లేదు చెల్లె. నిమ్మళంగ పొండ్రి."

"పోతం" అని ఆమె పెట్టేసింది.

శనివారమంతా అతను పని చేస్తూ గడియారం చూశాడు. ఇప్పుడు హనుమకొండ దాటి ఉంటారు, ఇప్పుడు పరకాల. ఎండ ముదిరి తారు కాగే వేళకు చేరిపోయి ఉండాలి. ఎక్కడి నుంచీ ఏ కబురూ రాలేదు. రాకపోవడం అతనికి ఊరట కాలేదు. వాళ్ళు తిరిగి రావాలి, మళ్ళీ పోవాలి, టైరు ఎప్పుడు పగలాలో తనే నిర్ణయించుకుంటుంది.

ఆదివారం దుకాణం సెలవు. పొద్దున్నే అతను సుశీలను కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని, చిక్కుడుకాయలు ఆమె ఇచ్చినవేనా అని అడిగింది. అవునన్నాడు. సుశీల లేచి లోపలికి పోయి, ఉతికిన అంగీ తెచ్చి అతని పక్కన పెట్టింది.

హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి బస్సెక్కాడు. సెలవుకు ఇళ్ళకు పోయి తిరిగి వస్తున్న బొగ్గుబాయి కార్మికులతో అది నిండి ఉంది. డ్యూటీల గురించి, క్వార్టర్లలో నీళ్ళు రాకపోవడం గురించి వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఆగయ్య కిటికీ పక్కన కూర్చుని తను చెప్పాల్సిన మాట కూర్చుకున్నాడు. సేటు ఎక్కియ్యమన్నడు చెల్లె, నౌకరి చేసేటోణ్ణి, నా చేతుల ఏం లేకుండె. దాన్ని మనసులో ఎన్నిసార్లు తిప్పాడో, రేగొండ వచ్చేసరికి ఆ మాట ఎక్కడా తగలకుండా నున్నగా తయారైంది. తనకే నమ్మకం కలిగింది. రేగొండలో దిగి, ఆటోలో టేకుమట్ల పోయి, అక్కడి నుంచి వాగు దాటి నడిచాడు.

మిర్చి ఘాటు దూరం నుంచే ముక్కుకు కొట్టింది. కల్లంలో ఎర్ర తాడిపత్రిల మీద కాయలు ఎండుతున్నాయి. గట్టు పక్కన బొలెరో నిలబెట్టి ఉంది. అతను ముందు దాని దగ్గరికే పోయాడు. గొంతుక్కూర్చుని ఎండ వైపున్న టైరు మీద చేయి వేశాడు. అంచు దగ్గర, పాలిష్ పోయినచోట, వెంట్రుక మందాన పగుళ్ళు. మంగళవారం అవి కనబడలేదు. లేదంటే అతను చూడలేదు.

"వచ్చినవా అన్నా."

రుక్కి ఒడినిండా కాయలతో వెనక నిలబడి ఉంది. కాయలు కుప్పలో పోసి, ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి, క్యానులోంచి నీళ్ళు వంచి ఇచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు. ఆగయ్య నీళ్ళు తాగి, బస్సులో తయారు చేసుకున్న మాటను మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. టైర్లు పాతవన్నాడు. సేటు ఎక్కించమన్నాడన్నాడు. తన చేతుల్లో ఏమీ లేకపోయిందన్నాడు. రుక్కి అడ్డు రాకుండా విన్నది.

"బేస్తారం నేను జనగామ వచ్చిన" అన్నది అతను ముగించాక.

బుధవారం కొడకండ్లలో స్టెప్నీకి గాలి పట్టించుకుంటుంటే పంక్చరు అతను బండి కిందికి వంగి అంకెలు చూసి, టైర్లు పాతవని చెప్పాడట. మర్నాడు ఆమె బస్సులో జనగామ వచ్చింది. రసీదు చేతిలో పట్టుకుని దుకాణం దాకా వచ్చింది. వాకిట్లో ఉండగానే లోపలి మాటలు వినబడ్డాయి.

"సేటు నిన్ను అడిగింది విన్న. నువ్వు తల వంచుకోని ఉన్నవు. ఏం చెప్పలె."

ఆగయ్య చేతిలోని గ్లాసును కింద పెట్టాడు. ఎక్కడ చూడాలో తెలియక మిరపకాయల వైపు చూశాడు. లోపలికి ఎందుకు రాలేదని అడిగాడు.

"ఎవలతోని కొట్లాడాలె? నిన్ను అడగాల్నా, సేటును అడగాల్నా? మీరిద్దరు ఒక్కటై లేదంటె, నా మాట ఎవలింటరు." ఆమె గుడ్డను దులిపి మడత పెట్టింది. "శుక్రవారం నువ్వు ఫోన్ జేసినవు. చెప్తవనుకున్న."

అన్నీ తెలిసి ఈ టైర్ల మీద ఎందుకొచ్చావని అడిగే హక్కు తనకు లేదని ఆగయ్యకు తెలుసు. ఆమే చెప్పింది. కాయ పండిపోయింది, తాము రాకపోతే రైతు వేరే గుంపును పిలుచుకుంటాడు. నలభైకి మించి తోలలేదు. దారిలో నాలుగుచోట్ల ఆపి, మూత్రానికి దిగమని అందరినీ దింపి, టైర్ల మీద చేయి పెట్టి వేడి చూసింది. చెప్పి, చేను వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"వీళ్ళకు చెప్పలె."

నాలుగు గంటలకు ఆడవాళ్ళు పని ఆపారు. ఆదివారం కాబట్టి టేకుమట్ల పోయి బియ్యం, కూరగాయలు తెచ్చుకోవాలి. అందరూ బండి దగ్గరికి వచ్చారు. ముందు నడుస్తున్న పెద్దావిడ రుక్కి అత్త కళావతి. ఆగయ్య నడిచి పోతానన్నాడు. రుక్కి తలుపు పట్టుకుని నిలబడింది. కళావతి అతని చేయి పట్టుకుని వెనక సీట్లోకి లాగింది.

"నువ్వేనా నాయినా టైర్లు ఎక్కించింది? మా కోడలు ఆనాడే చెప్పింది. జనగామల మంచి మనిషున్నడు, ఏది మంచిదో ఆయనే చెప్తడని."

రుక్కి బండి స్టార్టు చేసింది.

బండ్ల బాట మీద బండి అటూ ఇటూ ఒరుగుతూ పోయింది. ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. ఒక పిల్లతల్లి ఏదో చెబితే మిగతావాళ్ళు నవ్వారు. కాయ ఘాటు ఎక్కిన చేతులను అందరూ ముఖానికి దూరంగా, ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నారు. కళావతి అతనికి చోటివ్వడానికి సగం సీటు మీదే కూర్చుంది. ఆగయ్యకు కింద తిరుగుతున్న చక్రం తప్ప ఏమీ వినబడడం లేదు. తారు రోడ్డు ఎక్కాక బండి వేగం అందుకుంది.

"ఆపు చెల్లె" అన్నాడు.

రుక్కి అద్దంలోంచి చూసింది. ఆపలేదు.

"జర ఆపు."

ఆమె పక్కకు తీసి ఆపింది. ఆగయ్య ఎవరి ముఖమూ చూడకుండా, ఎదుటి సీటు వీపు చూస్తూ మాట్లాడాడు.

"ఈ టైర్లు ఆరేండ్ల కిందియి. నాకు ఎరుకుండంగనె ఎక్కించిన. నంబరు కనవడొద్దని లోపలికి తిప్పింది నేనే. సేటు తిప్పుమనలె."

కొందరికి వెంటనే అందలేదు. కళావతి తమ భాషలో చెప్పింది. ఆ భాషలో అది ఇంకా చిన్న మాటగా ఉంది. నవ్వుతున్న పిల్లతల్లి నవ్వు ఆపింది. కళావతి ముందు సీటు వైపు తిరిగి కోడలిని ఒక్క మాట అడిగింది. రుక్కి స్టీరింగు వదలకుండా, రోడ్డు మీదే చూపు ఉంచి ఒక్క మాట జవాబు చెప్పింది. ఆగయ్యకు ఆ భాష రాదు. అయినా వాళ్ళ ముఖాలు చూస్తే అర్థమైంది. తెలుసా అని అత్త అడిగింది. తెలుసని కోడలు చెప్పింది.

అతను ఇది ఆలోచించలేదు. తన సిగ్గు దింపుకుందామని వచ్చి దాన్ని ఆమె నెత్తిన పెట్టాడు.

ఎవరూ తిట్టలేదు. తలుపు దగ్గరున్న ఆమె ముందు దిగింది. ఆమె వెనక ఇంకొకామె, తర్వాత పిల్లతల్లి. కొంగులు సర్దుకుని, సంచులు చేతబట్టుకుని టేకుమట్ల వైపు నడక మొదలుపెట్టారు. చివరగా ఖాళీ నీళ్ళ క్యానుతో కళావతి దిగింది. దిగేటప్పుడు కోడలి వైపు చూడలేదు. బండిలో ఇద్దరే మిగిలారు. రుక్కి కళ్ళలో నీళ్ళు నిండాయి. మిర్చి చేతులు కాబట్టి తుడుచుకోలేక భుజానికి ముఖం రాసుకుంది.

నీ పేరు నేను చెప్పలేదు చెల్లె అన్నాడు ఆగయ్య.

"అడిగినంక అబద్ధం చెప్పాల్నా" అన్నది ఆమె.

అతను దిగి ఆడవాళ్ళ వెనక నడిచాడు. కొంతసేపటికి వెనక ఇంజను చప్పుడు వినబడింది. రుక్కి ఖాళీ బండిని మనిషి నడక వేగంతో తెస్తోంది. ఆగయ్య ఫోను తీసి సేటుకు కలిపాడు. ముందు నడుస్తున్నవాళ్ళకు వినబడుతుందని తెలిసే గొంతు తగ్గించలేదు. రేపు పొద్దున బొలెరో ఖాళీగా వస్తుందని, కొత్తగా వచ్చిన ఆ నాలుగు టైర్లూ ఎవరికీ అమ్మొద్దని, ఎక్కించినవి విప్పి ఇవి ఎక్కిస్తానని చెప్పాడు. కాదంటే దుకాణం ముందు నిలబడి వచ్చిన ప్రతివాడికీ తను చేసిన పని చెబుతానన్నాడు. అవతల పరశురాములు ఏమీ ఎరగనట్టు, ఏ సైజు అని అడిగాడు. ఆగయ్య సైజు చెప్పి పెట్టేశాడు.

ఆడవాళ్ళలో ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి మళ్ళీ నడిచారు. టేకుమట్ల ఇంకా కిలోమీటరు పైన ఉంది. కళావతి నడక తగ్గించి, అతను దగ్గరికి వచ్చేదాకా ఆగింది. చేతిలోని క్యాను అతని ముందుకు చాపింది.

"పట్టు" అన్నది. నాయినా అనలేదు.

ఆగయ్య క్యాను అందుకున్నాడు. ఆమె తొందర తొందరగా అడుగులు వేసి తనవాళ్ళను కలుసుకుంది.